యాభై అడుగుల అబద్ధం

నేను ఒక సర్వే రాయిని. నా పని ఒక్కటే, ఉన్నచోట ఉండటం. ఇంత చిన్న పనిని కూడా మనుషులు నన్ను సరిగ్గా చేయనివ్వలేదు. ఆ కోపంతోనే ఇదంతా చెబుతున్నాను. రాయికి కోపమేమిటని మీకు అనిపిస్తే, మిట్టమధ్యాహ్నం ఎండలో ఏ రాయి మీదైనా చెయ్యి పెట్టి చూడండి.

జమీందారీ ఎస్టేటు రద్దయి, ఊళ్లను కొత్తగా కొలుస్తున్న రోజుల్లో ఎర్రన్న అనే మనిషి నన్ను కొండబండ నుంచి విడదీశాడు. నాలుగు పలకలుగా చెక్కి, నెత్తిమీద ఒక త్రికోణం, పక్కన పదిహేడు అంకె వేశాడు. ఉలి నడుస్తున్నంతసేపూ అతని మనసు ఇంట్లో జ్వరంతో పడుకున్న కూతురి దగ్గర ఉంది. అయినా త్రికోణం ఎక్కడా వంకర పోలేదు. మనిషి చెయ్యి ఒకచోట, మనసు ఇంకోచోట ఉండగలవని నేను మొదటిసారి గమనించింది అప్పుడే. తరువాత ఈ విద్యను మనుషులు చాలా పనులకు వాడటం చూశాను.

సారిపల్లివలస, దాని పక్కనున్న మరో రెండు ఊళ్లు, మూడింటి పొలిమేరలూ కలిసేచోట నన్ను పాతారు. ఇనుప గొలుసుతో కొలిచి, దుర్భిణీలో చూసి, మళ్లీ కొలిచి, నన్ను మూడొంతుల్లో రెండొంతులు నేలలోకి దించారు. అదే వారంలో ఒక గుమాస్తా గుడ్డ అతికించిన కాగితం మీద ఊరి నక్షా గీస్తూ, ఒక మూల నన్ను చిన్న త్రికోణంగా వేశాడు. ఆ గుర్తుకు నేను సాక్ష్యం, నాకు ఆ గుర్తు సాక్ష్యం. అలా ఒకరి మాట ఒకరం నిలబెట్టుకుంటూ యాభై ఏళ్లకు పైగా బతికాం. గట్టు తగాదా వచ్చినప్పుడల్లా తాడు పట్టుకుని నా దగ్గరికే వచ్చేవాళ్లు. నానా తిట్లూ తిట్టుకుని, చివరికి నా నుంచి కొలుచుకుని, నోళ్లు మూసుకుని వెళ్లేవాళ్లు. ఆ రోజుల్లో నాకు కోపం ఉండేది కాదు.

నాకు మొదట పసుపు రాసింది ఎవరో చెప్పలేను. తప్పిపోయిన ఆవు నా పక్కన పడుకుని దొరికిందని ఎవరో కొబ్బరికాయ కొట్టారు. మరుసటి ఏడు ఇంకెవరో చీరముక్క చుట్టారు. పదిహేడో నెంబరు పసుపు కింద మాసిపోయి, నేను మూడూళ్లమ్మనయ్యాను. దీనికి కూడా నేను అభ్యంతరం చెప్పలేదు. మనిషికి భయం పుడితే దానికి ఒక చిరునామా కావాలి. కదలని వస్తువు కంటే మంచి చిరునామా ఏముంటుంది?

ఆ తరువాతే బాట వచ్చింది. పద్దెనిమిదేళ్ల కిందట, మట్టిబాటను వెడల్పు చేసి తారు వేయడానికి పొక్లెయిను ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగింది. రేపు పొద్దున అది నా మీదికి వస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. దాలినాయుడు ఊరి పెద్దల్లో ఒకడు. ఊరి వాగును గెడ్డ అంటారు, దానికి పడమటి పక్కన అతని పొలం. మంచివాడే, ఊరికి అండగా నిలబడే మనిషి. అతను నలుగురు మగవాళ్లను, ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని సూర్యోదయానికే వచ్చాడు. గునపాలతో నన్ను పెకలించారు. తాళ్లు కట్టి, కర్రలమీద మోసుకుంటూ తూర్పుగా యాభై అడుగుల దూరంలో ఎత్తుగా ఉన్న గట్టుమీదికి తీసుకుపోయారు. ఆడవాళ్లలో సన్యాసమ్మ ఒకతె, గెడ్డకు తూర్పు పక్క పొలం ఆమెది. పసుపునీళ్ల బిందె ఆమె నెత్తిమీద ఉంది.

ఏ ఆఫీసుకూ వెళ్లలేదు. ఒక అర్జీ పెట్టి ఉంటే సర్వేయరు వచ్చి, కొత్తచోటు కొలిచి, నక్షాలో రాసుకుని పోయేవాడు. దాలినాయుడికి రెండు భయాలు. సర్వే రాయి పీకితే కేసు పెడతారని ఒకటి. అమ్మను మనుషులు మోస్తే అరిష్టమని రెండోది. ఈ రెండు భయాలకూ ఒకే మందు దొరికింది. ఆ ఆడవాళ్లలోనే పూనకం వచ్చే ముసలామె ఒకతె చెప్పింది, "అమ్మే నడిసొచ్చిందనుకోండి. మనుసులు మోసినారని ఎవుడన్నా నోరు జారితే ఆ నోట్లో పుండు పుడతాది." ఎనిమిది మందీ వేలితో నా నెత్తిమీది పసుపు తీసి నాలుకకు రాసుకున్నారు. ఊళ్లో అమ్మే నడిచొచ్చిందని, ఆఫీసువాళ్లు అడిగితే మొదటినుంచీ ఇక్కడే ఉందని చెప్పాలని ప్రమాణం చేశారు.

నామీద ప్రమాణం. నన్ను అబద్ధం చేసి, ఆ అబద్ధం నిలవాలని నామీదే ప్రమాణం. ఇంతకంటే అవమానం ఏ రాయికైనా జరిగిందా?

తరువాతి ఏళ్లలో నేను గమనించింది ఇంకా విచిత్రం. మొదటి ఏడాది ఆ ఎనిమిది మందీ నా ముందు తల వంచుకుని నడిచేవాళ్లు. అబద్ధం తమలో ఎక్కడుందో వాళ్లకు తెలుసు. మూడో ఏటికి తలలు లేచాయి. పదో ఏటికి దాలినాయుడు తన మనవలకు నన్ను చూపించి, "మా తాత గూడా ఈడే కాయ కొట్టీవోడు" అని చెప్పాడు. అప్పుడు అతని గొంతులో వణుకు లేదు. నేను వెతికాను. అతను అబద్ధం చెప్పడం లేదు. అతని తాత నిజంగానే ఈ గట్టుమీద కాయ కొడుతున్నట్టు అతనికి కనిపిస్తోంది. మనిషి నాలుక మీద పెట్టుకున్న పసుపు పదేళ్లలో కళ్లలోకి ఎక్కుతుంది.

ఇక ఈ వేసవిలో ఊరి పొలాలన్నిటినీ మళ్లీ కొలిచి, కంప్యూటరు నక్షాలోకి ఎక్కించాలని ఉత్తర్వు వచ్చింది. ఒకరోజు పొద్దున ఇద్దరు వచ్చారు. ఒకరు మండల సర్వేయరు గురునాథం, పదవీ విరమణ దగ్గరపడ్డ మనిషి. రెండో ఆమె నీలవేణి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో పైన గిన్నెలాంటి పరికరం బిగించిన పొడవాటి కడ్డీ. దాన్ని రోవరు అంటున్నారు.

గట్టుమీద కూర్చుని గురునాథం పాఠం చెప్పాడు. "చూడమ్మా, ఊళ్లో ఎన్ని వస్తువులున్నా దీనికి మూడే రకాలు. చుక్క, గీత, ఆకారం. బాట గీత. పొలం ఆకారం. ఈ రాయి చుక్క. ఒక్కోటి ఒక్కో పొరలో పెట్టుకోవాలి. పలచటి కాగితాలు ఒకదానిమీద ఒకటి పరిచినట్టు."

"రాయికి పొడుగు, వెడల్పు ఉన్నాయి కదండీ సార్?"

"ఉంటే ఉన్నాయి. మనకక్కర్లేదు. చుక్కకు పొడుగూ లేదు, బరువూ లేదు. అదెక్కడుందో అదే దాని బతుకు."

నా జీవితంలో నన్ను ఇంత సరిగ్గా అర్థం చేసుకున్న మాట మరొకటి వినలేదు. ఎర్రన్నకు నేను బండముక్కను, ఊరికి దేవతను. నేనెవరో మొదటిసారి సరిగ్గా చెప్పిన మనిషి నా ముందు కూర్చున్నాడు. అప్పటికి నేను నేను కాకుండా పోయి పద్దెనిమిదేళ్లయింది.

పాత నక్షాను బొమ్మ తీసి కంప్యూటరులో పెట్టుకున్నారు. దాని కింద ఆకాశం నుంచి తీసిన ఊరి ఫొటో ఉంది. పాత నక్షాకు తన ఊరు ఎక్కడుందో తెలియదు. దాని మీద ఉన్న గుర్తుల్లో కొన్నిటిని నేలమీద వెతికి, "ఈ గుర్తు ఇదిగో ఈ చోటు" అని చెబితే, నక్షా సాగి, తిరిగి ఫొటో మీద కూర్చుంటుంది. ఆ గుర్తులుగా మూడు రాళ్లను ఎంచుకున్నారు. బడి పక్కది, కొండ మొదట్లోది, నేను.

కడ్డీ పెట్టేముందు నీలవేణి పద్ధతి ప్రకారం అడిగింది. అప్పుడు దాలినాయుడు అక్కడే ఉన్నాడు. సన్యాసమ్మ గడ్డిమోపు దించుకుని చెమట తుడుచుకుంటోంది.

"నాయుడుగారూ, ఈ రాయి ఎప్పుడైనా కదిలిందా?"

"కదలడమేటమ్మా. మా తాతల కాడినించి ఈడే ఉన్నాది. అమ్మని కదిపీవోడెవుడు?"

నీలవేణి సన్యాసమ్మ వైపు చూసింది. సన్యాసమ్మ చెంగుతో మూతి తుడుచుకుని, "అవును పాపా, ఈడే" అంది.

నేను అరిచాను. రాయి అరిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఏమీ అవదు. నీలవేణి నా నెత్తిమీది పసుపు తుడిచి, వేలు కళ్లకద్దుకుని, "ఏమనుకోకమ్మా" అంటూ కడ్డీ మొన నా త్రికోణం మధ్య పెట్టింది. ఎక్కడో ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు దానితో మాట్లాడాయి. నేనెక్కడున్నానో వాటికి వేలెడు తేడా లేకుండా తెలిసింది. నేనెక్కడ ఉండాలో వాటికి తెలియదు.

లాప్‌టాప్ తప్పెంతో చూపించింది. సున్నా.

"మొదటిసారికే సున్నానా?" గురునాథం కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. "నీ చెయ్యి మంచిదమ్మా. ఇంకో రాయి వెతుకుదామంటావేమో, పొదల్లో పాములుంటాయి. మూడు చాలు. ఎల్లుండికి ఈ ఊరు ముగించాలి."

నీలవేణి మొహం వెలిగింది. నేర్చుకునేవాళ్లకు సున్నా తప్పంటే వచ్చే ఆనందం అది. ఆ వెలుగు చూసి నాకు కోపం రాలేదు, జాలేసింది.

పదిహేను రోజులకు ముసాయిదా నక్షా పంచాయతీ గోడమీద అతికించారు. అందులో సన్యాసమ్మ పొలం అరవై రెండు సెంట్లలో నలభై సెంట్లు గెడ్డలోకీ, గెడ్డ దాటి నాయుడి పొలంలోకీ పోయాయి. ఇరవై రెండు మిగిలింది. ఆమె వంగమొక్కలు, మునగచెట్లు, నుయ్యి, అన్నీ నాయుడి పొలం గీతలో ఉన్నాయి. గ్రామసభ గురువారం. ఆలోపు అభ్యంతరం నిలబడకపోతే అదే ఖాయం.

నక్షా అతికించిన రోజు మధ్యాహ్నం సన్యాసమ్మ నీలవేణిని వెతుక్కుంటూ వచ్చింది. నీలవేణి నా గట్టుమీదే చెట్టునీడలో లాప్‌టాప్ ముందు ఉంది.

"ఏటి పాపా, నా నుయ్యి నాయుడు బావు కడుపులోకి ఎలా ఎలిపోనాది? అది కాళ్లున్న నుయ్యేటి?"

"కూర్చో అమ్మా. నేనూ అదే చూస్తున్నాను." నీలవేణి తెర ఆమె వైపు తిప్పింది. "ఇది ఫొటో. ఇదిగో నీ నుయ్యి, గుండ్రంగా. ఇది పాత నక్షా పొర. గెడ్డ ఫొటోలో ఇక్కడుంది, నక్షాలో తూర్పుకు జరిగి ఉంది. ఈ మూలకు దగ్గరున్న పొలాలన్నీ జరిగాయి. దూరంగా ఉన్నవి సరిగ్గానే ఉన్నాయి."

"గెడ్డ జరిగుంటాది. వరదొస్తే జరగదేటి?"

"అంత జరిగితే నీ నుయ్యి మునిగేది కదా. పైగా తప్పు సున్నా చూపిస్తోంది."

సన్యాసమ్మ తెరమీదికి వంగింది. "ఎన్ని రాళ్లమీద నిలబెట్టినావు దీన్ని?"

"మూడు."

"మూడుకాళ్ల పీట ఎక్కడేసినా ఊగదు పాపా. ఒక కాలు పొట్టిదైనా తెల్దు. నులకమంచమైతే తెలిసిపోతాది, టక్కుటక్కుమని కొట్టుకుంటాది."

మూడు గుర్తులతో తప్పు బయటపడదని శిక్షణలో నీలవేణికి చెప్పే ఉంటారు. పుస్తకంలో చదివినప్పుడు ఎక్కని మాట, పొలం పోతున్న మనిషి నోట విన్నప్పుడు ఎక్కింది. మరునాడు గురునాథానికి చెప్పకుండా, కర్రతో పొదలు కొట్టుకుంటూ శ్మశానంలో ఒక రాయి, తాటితోపులో ఒక రాయి వెతికి పట్టుకుంది. అయిదు రాళ్లతో నక్షాను మళ్లీ కూర్చోబెట్టింది. సున్నా పోయింది. తప్పు అడుగుల్లోకి వచ్చింది. అప్పుడు ఒక్కో రాయినీ పక్కన పెట్టి చూసింది. బడి రాయిని తీసింది, తప్పు తగ్గలేదు. కొండ రాయిని తీసింది, తగ్గలేదు. శ్మశానం, తాటితోపు, అదే కథ. నన్ను తీసింది. తప్పు జానెడుకు పడిపోయింది.

నన్ను తీసేస్తే మిగిలినవాళ్లంతా ఏకీభవించారు. నేనొక్కడినే అబద్ధికుడిని. నిజం బయటపడాలని పద్దెనిమిదేళ్లు ఎదురుచూశాను, తీరా పడినప్పుడు సిగ్గుతో కాలిపోయాను. చెయ్యని నేరానికి కూడా ఒళ్లు సిగ్గుపడుతుందని అప్పుడే తెలిసింది.

గురునాథం లెక్క చూశాడు. నమ్మాడు కూడా. కానీ తల అడ్డంగా ఊపాడు. "ఇది మూడు ఊళ్ల రాయమ్మా. దీన్ని పక్కన పెడితే మిగతా రెండూళ్లూ నామీదికి వస్తాయి. కంప్యూటరు చెప్పిందంటే ఊరుకోరు. కదిలిందని ఊళ్లోవాళ్లు ఒక్కరైనా చెప్పాలి."

"అడిగాం కదండీ. కదల్లేదన్నారు."

"మరింకేం చేస్తాం."

సన్యాసమ్మ అక్కడే నిలబడి ఇదంతా విన్నది. ఆమెలో జరుగుతున్నది నాకు స్పష్టంగా కనిపించింది. నాయుడికి మరుపు గట్టిపడటానికి నలభై సెంట్లు సాయం చేశాయి. ఆమెకు అదే నలభై సెంట్లు మరుపును పెకలిస్తున్నాయి. బిందె బరువు, కాళ్లకింద బురద, నాలుకమీద పసుపు చేదు, ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. ఆమె నోరు తెరవబోయి, నన్ను చూసి, మూసుకుంది. మర్నాడు వచ్చి నా ఎదుట కూర్చుంది. ఎవరూ లేరు.

"నీ నోరు పెగలదు. నా నోరు తెరిస్తే పుండు పుట్టిస్తావు. ఎలా బతకాలే?" అంది. ఏడవలేదు. పొలంలో కూలీ ఎగ్గొట్టినవాణ్ణి అడిగినట్టు అడిగింది. నాకు మాటే ఉంటే, ఆ శాపం నాది కాదని, ఎవతో ముసలామె నా పేరుమీద అల్లిందని చెప్పేవాణ్ణి. మీ భయాలు మీరే పుట్టించుకుని, వాటికి నా మొహం తొడుగుతారు. తరువాత నన్ను చూసి వణుకుతారు.

గురువారం గ్రామసభ నేలమీద సరిచూడటానికి నా దగ్గరే జరిగింది. ముప్ఫైమంది దాకా వచ్చారు. గురునాథం మూడుసార్లు అడిగాడు. దాలినాయుడు మూడోసారీ, అదే నమ్మకంతో, "ఈడే ఉన్నాదండీ" అన్నాడు. గురునాథం కలం తీశాడు.

"అమ్మ నడిసి రానేదు," అంది సన్యాసమ్మ. "మనమే మోసినాం. బిందె నా నెత్తిమీద ఉన్నాది."

నాయుడు ఆమె వైపు తిరిగాడు. అతని మొహంలో కోపం కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. ఆమె అబద్ధమాడుతోందని అతను నిజంగానే అనుకున్నాడు. "నోరు జారకు సన్యాసీ. ఆ నోట్లో ఏటి పుడతాదో తెల్సు కదా."

"పుడితే పుట్టనీ బావూ. కూడు నేని నోట్లో పుండొక నెక్కేటి?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఊరుకున్నారు. నీలవేణి లాప్‌టాప్ మూసేసింది. "అమ్మా, మొదట ఎక్కడుండేదో చూపించగలవా? నువ్వే నడువు. నేనేం చెప్పను."

సన్యాసమ్మ చెప్పులు విడిచింది. పడమటికి తిరిగి నడిచింది. కళ్లు నేలమీద లేవు, కొండ నెత్తిన ఉన్నాయి. తారుబాట అంచు దాటి, ఒకడుగు వేసి, ఇంకొకటి వేయబోయి వెనక్కి తగ్గింది. "ఈడ," అని మడమతో నొక్కింది.

నీలవేణి ఆమె మడమ పక్కనే కడ్డీ నిలబెట్టి, నాలుగు రాళ్లు చూపించిన చోటుకు ఎంత దూరమో చూసింది. అడుగున్నర. తెరను గురునాథానికి చూపించింది. అతను చూసి, "కంప్యూటరు చూడకుండానే నడిచింది కదమ్మా ఈవిడ," అన్నాడు మెల్లగా. కాగితం మీద నాయుడి వాంగ్మూలం కొట్టేసి, సన్యాసమ్మ చెప్పింది రాసుకున్నాడు. ఆమె వేలిముద్ర వేసింది. నాయుడు ఆ కాగితంకేసి కాకుండా తన కాళ్లకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. మోసినవాళ్లలో ఇంకొకతను, "ఎడమపక్క కర్ర నాదే" అని తనలో తను గొణిగాడు.

కొత్త నక్షాలో ఆ అరవై రెండు సెంట్లూ ఎక్కడివక్కడ ఉన్నాయి. పట్టికలో నా నెంబరుకు ఎదురుగా నీలవేణి ఒక వాక్యం రాసింది: స్థానం మారినది, కొలతకు వాడరాదు. పద్దెనిమిదేళ్లలో నా గురించి ఎవరైనా రాసిన నిజం అదొక్కటే. చదివి వినిపించినప్పుడు నాకు బాధ కలగలేదు.

బాధ ఇప్పుడు వేరొకటి. సన్యాసమ్మ నోట్లో పుండు పుట్టలేదు. వంకాయలు కాస్తున్నాయి. అయినా ఆమె ఇటు రావడం మానేసింది. గడ్డిమోపుతో తన పొలం నుంచి ఊళ్లోకి పోవడానికి నా గట్టుమీదుగా పోయే దారే దగ్గరిది. ఆమె గెడ్డ దిగి, మోకాళ్లలోతు నీళ్లలో అవతలికి దాటి, చుట్టూ తిరిగి పోతోంది. దూరం నుంచి కూడా తల తిప్పదు. ఎనిమిదిమందిలో నిజం చెప్పింది ఆమె ఒక్కతే. నాకు భయపడుతున్నదీ ఆమె ఒక్కతే.

నాకు కోపం ఉంది. నన్ను పెకలించినవాళ్లమీద, నా పేరుతో శాపం అల్లినదానిమీద, మూడు చాలన్నవాడిమీద, రోజూ వచ్చి నిశ్చింతగా కాయ కొడుతున్న నాయుడిమీద ఉంది. ఆమెమీద లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పగల మనిషి ఊళ్లో ఒక్కడూ లేడు.